నిర్వహణకు నిధులేవి? దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ పౌరుల పక్షాన బహిరంగ లేఖ

తెలంగాణ ప్రభుత్వ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ ఉన్నతాధికారులకు,
హైదరాబాద్ మహానగర పాలక బాధ్యతలు వహిస్తున్న కమిషనర్ గారికి,



నగరాన్ని ఆనుకుని ఉన్న 27 పురపాలక సంస్థలను హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో విలీనం చేయాలని 2025 నవంబరులో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించిన నాటి నుంచి, పరిధి పెరిగితే సేవలు మెరుగుపడతాయన్న మాట మీ కార్యాలయాల నుంచి తరచూ వినిపిస్తున్నది. కొత్త కట్టడం ఎంత పెద్దదైతే అభివృద్ధి అంత పెద్దదన్న భావన కూడా ఆ మాటలోనే ఇమిడి ఉన్నది. నగరానికి తూర్పున ఉన్న దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, గడ్డిఅన్నారం, సరూర్‌నగర్, ఎల్బీనగర్, వనస్థలిపురం ప్రాంతాల పౌరులు ఈ భావనను అంగీకరించలేరు. విలీనం అంటే ఏమిటో, పెద్ద కట్టడాల నీడన చిన్న పనులు ఎలా మరుగున పడతాయో వారు 2007 నుంచి అనుభవిస్తూనే ఉన్నారు.

2007 ఏప్రిల్‌లో మహానగర పాలక సంస్థ ఏర్పడినప్పుడు అందులో కలిసిపోయిన 12 పురపాలక సంఘాలలో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం రెండూ ఉన్నాయన్న సంగతి మీ దస్త్రాలలోనే ఉన్నది. అంతవరకు వీధిదీపం వెలగకపోయినా, మురుగు పొంగినా పౌరుడు వెళ్లవలసిన పురపాలక కార్యాలయం ఒక్కటే ఉండేది. అడగవలసిన ఛైర్మన్, కమిషనర్ ఆ ఊరిలోనే దొరికేవారు. విలీనం తరువాత ఆ కార్యాలయం సర్కిల్‌గా, అంటే కొన్ని వార్డులకు కలిపి ఒక ఉప కమిషనర్ పర్యవేక్షించే పాలనా విభాగంగా మారింది. దానిపైన జోన్, జోన్‌పైన ప్రధాన కార్యాలయం ఏర్పడ్డాయి. పౌరుని అర్జీ ఎక్కవలసిన మెట్లు పెరిగాయి కాని, ఆ మెట్లపై సమాధానం చెప్పవలసిన వ్యక్తి ఎవరో స్పష్టం కాలేదు. 2007 నాటి విలీనం ఈ రెండు పట్టణాలకు ఏమి ఇచ్చిందో, ఏమి తీసుకున్నదో మీ శాఖ ఎన్నడైనా లెక్క వేసి ప్రజల ముందు పెట్టిందా? ఆ లెక్క తేలకుండానే మరో 27 పట్టణాలకు అదే ఔషధాన్ని ఏ ఆధారంతో సూచించారు?

ఆ లెక్క తేలాలంటే ముందు డబ్బు ఏ దారిన పోతున్నదో చూడాలి. ప్రభుత్వ వ్యయంలో రెండు పాయలుంటాయి. వంతెన, భవనం, రైలు మార్గం వంటి కొత్త ఆస్తులను నిర్మించడానికి పెట్టేది పెట్టుబడి వ్యయం కాగా, ఉన్న ఆస్తిని పనిచేయించడానికి, పూడిక తీయడానికి, మరమ్మతులకు, సిబ్బంది జీతాలకు ఏటా పెట్టవలసినది నిర్వహణ వ్యయం. మొదటిదానికి శంకుస్థాపన ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. రెండవదానికి ఇవేవీ ఉండవు, అది సక్రమంగా జరిగిన రోజున ఎవరూ గమనించరు కూడా. ఎల్బీనగర్ కూడలి చుట్టూ వ్యూహాత్మక రహదారుల అభివృద్ధి పథకం కింద 2018లో చింతలకుంట అండర్‌పాస్, కామినేని కూడలి ఫ్లైఓవర్, 2020లో బైరామల్‌గూడ ఫ్లైఓవర్, 2023 మార్చిలో ఎల్బీనగర్ కుడివైపు ఫ్లైఓవర్, 2024 మార్చిలో బైరామల్‌గూడ రెండో అంచె ఫ్లైఓవర్ అందుబాటులోకి వచ్చాయి. విజయవాడ, నాగార్జునసాగర్ రహదారులు ఇన్నర్ రింగ్ రోడ్డుతో కలిసే ఈ ప్రాంతంలో వాహనాల రద్దీ కొంత తగ్గిందన్నది నిజం. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ వరకు మెట్రో రైలు నడవడం వేలాది కుటుంబాలకు మేలు చేసిందన్నదీ నిజం. ఆ మేలును కాదనడం ఈ లేఖ ఉద్దేశం కాదు. ఆ ఫ్లైఓవర్ల కింద, ఆ మెట్రో స్తంభాల మధ్య సాగుతున్న నిత్యజీవితానికి మీ బడ్జెట్‌లో ఎంత చోటున్నదన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నకు అత్యంత కఠినమైన రూపం 2020 అక్టోబరు 13 రాత్రి కనిపించింది. హయత్‌నగర్ పరిసరాలలో ఒక్క రోజులో 25 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిసి, ఎగువ చెరువులు నిండి, సరూర్‌నగర్ చెరువు అలుగు పారి, అంటే నిండిన చెరువు తన మత్తడి మీదుగా పొర్లి, కోదండరాంనగర్, సీసల బస్తీ వంటి దిగువ కాలనీలను ముంచివేసింది. కుతుబ్‌షాహీల కాలంలో తవ్వించిన ఆ చెరువుకు నాడు తూము, అలుగు, మిగులు నీరు మూసీని చేరే కాలువ అనే మూడూ ఉండేవి. చెరువు కట్టించడంతో పని ముగిసిందని నాటి పాలకులు అనుకోలేదు, నీరు వచ్చే దారిని, పోయే దారిని కూడా చెరువులో భాగంగానే చూశారు. ఆ పోయే దారి కాలక్రమంలో ఆక్రమణలకు, చెత్తకు, ఇరుకు కల్వర్టులకు బలై నాలాగా మిగిలింది. 2000 ఆగస్టులో నగరం మునిగిన తరువాత నియమించిన కిర్లోస్కర్ సంస్థ నాలాల వెడల్పు, ఆక్రమణలపై తన నివేదికను 2003లో సమర్పించింది. ఆ తరువాత 17 ఏళ్ల పాటు ఆ నివేదిక అమలుకు అడ్డుపడినది సాంకేతిక పరిజ్ఞానం లేకపోవడమా, లేక దానికి ప్రారంభోత్సవపు వెలుగు లేకపోవడమా?

వరద తరువాతి లెక్కలు ఈ ప్రశ్నను మరింత పదునెక్కిస్తున్నాయి. ముంపు కుటుంబానికి 10,000 రూపాయల చొప్పున సాయం ప్రకటించి, అందుకు ప్రభుత్వం తొలివిడతగా విడుదల చేసిన మొత్తం 550 కోట్ల రూపాయలు. ఆ మరుసటి సంవత్సరం వ్యూహాత్మక నాలాల అభివృద్ధి కార్యక్రమం మొదటి దశ కింద నగరానికి, చుట్టుపక్కల పట్టణాలకు కలిపి మంజూరైన పనుల విలువ సుమారు 985 కోట్ల రూపాయలు. ఆ పనుల వల్ల ఎల్బీనగర్ పరిధిలో కొన్ని చోట్ల నాలాలు కాంక్రీటు పెట్టె కాలువలుగా మారాయి. కొన్ని కాలనీలకు ఊరట లభించింది. అయితే 2024లో బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మధ్య ఉన్న కేబీఆర్ పార్కు చుట్టూ ఆరు కూడళ్లలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు నిర్మించడానికి మంజూరైన మొత్తం 826 కోట్ల రూపాయలు. ఒక పార్కు చుట్టూ ఉన్న ఆరు కూడళ్ల విలువ, నగరమంతటి వరదనీటి కాలువల తొలిదశ విలువకు చేరువగా ఉండటాన్ని మీ శాఖ ఏ ప్రమాణంతో సమర్థిస్తుంది? కారులో ఐదు నిమిషాలు ఆగవలసి రావడం, మంచం పట్టిన వృద్ధుని గదిలోకి నడుములోతు మురుగు రావడం ఒకే తూకంలో తూగే నష్టాలా?

నిర్వహణ అంటే ఏమిటో దగ్గరగా చూడాలంటే వేసవి చివర ఏదైనా నాలా ఒడ్డున నిలబడితే చాలు. వానాకాలానికి ముందు పూడికతీత టెండర్లు పిలుస్తారు. యంత్రం వచ్చి నల్లటి బురదను, ప్లాస్టిక్ సంచులను, పాత పరుపుల పీచును, కొబ్బరి బొండాలను తోడి ఒడ్డున కుప్ప పోస్తుంది. కాస్త ఆరిన తరువాత ఆ కుప్పను లారీలో డంపింగ్ యార్డుకు తరలించాలి. తరలింపు ఆలస్యమైన చోట తొలకరి వాన ఆ కుప్పను కరిగించి తిరిగి నాలాలోకే దింపుతుంది. మరుసటి ఏడాది అదే బురదను మరోసారి తోడి, మరోసారి బిల్లు చేయవలసి వస్తుంది. ఎన్ని ఘనపు మీటర్ల పూడిక తీశారన్నదే చెల్లింపుకు కొలమానమైనంత కాలం, వాన కురిసినప్పుడు నీరు నిలిచిందా, పోయిందా అన్నది ఎవరి లెక్కలోకీ రాదు. తీసిన బురదకు కాక, ముంపు లేని వానాకాలానికి డబ్బు చెల్లించే పద్ధతిని మీరు ఎందుకు ఆలోచించరు? పని జరిగిందని ధ్రువీకరించే సంతకాలలో ఆ నాలా పక్కన నివసించే కాలనీ సంక్షేమ సంఘం సంతకం ఎందుకు ఉండరాదు?

ఈ నిర్లక్ష్యానికి మూల్యం నీటిలో మునిగిన సామానుతో ఆగదు. 2021 ఆగస్టులో ఎల్బీనగర్ పరిధిలోని సాహెబ్‌నగర్‌లో మురుగు కాలువ శుభ్రం చేయడానికి రాత్రివేళ మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. మనుషులను రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువలలోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అలా మరణించిన వారి కుటుంబానికి 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2014లో ఆదేశించిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. చట్టం వచ్చిన ఎనిమిదేళ్లకు కూడా ఆ ఇద్దరు కార్మికులు ఆ గుంతలోకి దిగవలసి రావడానికి కారణం ఏమిటి? నగరానికి కొత్త ఫ్లైఓవర్లు మంజూరు చేయగలిగిన ప్రభుత్వానికి, ప్రతి సర్కిల్‌లోనూ రాత్రింబగళ్లు అందుబాటులో ఉండే యంత్రాలను, శిక్షణ పొందిన శాశ్వత సిబ్బందిని సమకూర్చడం శక్తికి మించిన పనా? పెట్టుబడి వ్యయం ఆలస్యమైతే వంతెన ఆలస్యమవుతుంది. నిర్వహణ వ్యయం ఆలస్యమైతే మనిషి ప్రాణం పోతుంది.

నిధుల కొరతకు తోడైనది బాధ్యతల చీలిక. ఒకే వీధిలో మురుగు కాలువ జలమండలిది, వరదనీటి కాలువ పాలక సంస్థది, ఆక్రమణల తొలగింపు, విపత్తు స్పందనకు 2024 జులైలో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రాది. 2025లో వానాకాలపు అత్యవసర బృందాలు కూడా హైడ్రా చేతికే వెళ్లాయి. పొంగుతున్న నీటిలో ఏది మురుగో, ఏది వర్షపు నీరో విడదీసి ఎవరికి ఫోను చేయాలో నిర్ణయించుకోవలసిన భారం పౌరునిపై పడింది. 2025 సెప్టెంబరులో యాకుత్‌పురాలో ఒక బాలిక మూత లేని మ్యాన్‌హోల్‌లో పడి ప్రాణాలతో బయటపడినప్పుడు, ఆ మూత ఎవరు తెరిచారు, ఎవరు మూయలేదు అన్న విషయంపై ప్రభుత్వ విభాగాల మధ్యనే వాదన నడిచింది. ఇటువంటి చీలికకు విరుగుడుగానే అంతకుముందు 2023 జూన్ 16న నగరంలోని 150 వార్డులలో వార్డు కార్యాలయాలు ప్రారంభమయ్యాయి. ఇంజినీరింగ్, పారిశుద్ధ్యం, పట్టణ ప్రణాళిక, జలమండలి, విద్యుత్తు వంటి విభాగాలకు చెందిన పది మంది సిబ్బంది ఒకే గదిలో కూర్చుని, ఫిర్యాదును నిర్ణీత గడువులో పరిష్కరించాలన్నది ఆ ఏర్పాటు. ఆలోచన మంచిదే, కాని ఇల్లు అలకగానే పండుగ కాదు. ఆ సిబ్బందికి ఖర్చు చేసే అధికారం ఇవ్వకుండా, చిన్న మరమ్మతుకు సైతం ప్రధాన కార్యాలయం అనుమతి కోసం ఎదురుచూసే స్థితిలో ఉంచితే, వార్డు కార్యాలయం ఫిర్యాదులు స్వీకరించే కిటికీగా తప్ప పరిష్కరించే చేయిగా ఎలా మారగలదు?

గడువుకు కట్టుబడటం ఈ ప్రభుత్వ యంత్రాంగానికి తెలియని విద్య కాదు. 2014లో రాష్ట్రం తెచ్చిన టీఎస్-ఐపాస్ చట్టం పరిశ్రమ పెట్టదలచిన వారికి నిర్ణీత గడువులో అనుమతి పొందడాన్ని హక్కుగా గుర్తించి, కారణం లేకుండా జాప్యం చేసిన అధికారికి రోజుకు 1,000 రూపాయల చొప్పున జరిమానా విధించే వీలు కల్పించింది. పొరుగున ఉన్న కర్ణాటక 2012 నుంచి ‘సకాల’ పేరుతో సామాన్య పౌరునికి కూడా ఇటువంటి హామీ ఇచ్చి, గడువు దాటితే రోజుకు 20 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 500 రూపాయల వరకు దరఖాస్తుదారునికి పరిహారం దక్కేలా చేసింది. మొత్తం చిన్నదే అయినా ఆలస్యమైన ప్రతి రోజుకూ ఎవరో ఒకరు జవాబుదారీ అన్న సూత్రం పెద్దది. పెట్టుబడిదారునికి చట్టబద్ధంగా ఇచ్చిన ఆ హామీని, ఏటా ఆస్తిపన్ను చెల్లించే కొత్తపేట గృహిణికి, గడ్డిఅన్నారం చిల్లర దుకాణదారునికి కూడా ఎందుకు ఇవ్వరాదు?

నడకకు, బస్సుకు దక్కిన స్థానం కూడా ఇదే కథ చెబుతున్నది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కేంద్రాలకు, హాస్టళ్లకు తెలుగునాట అన్ని జిల్లాల నుంచి వచ్చే విద్యార్థులలో అత్యధికులు నడిచేవారు, బస్సెక్కేవారు. మెట్రో స్టేషను మెట్లు దిగిన విద్యార్థి అడుగు పెట్టవలసిన కాలిబాటపై ఒక పక్క ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, మరో పక్క నిలిపిన మోటారు సైకిళ్లు, మిగిలిన చోట జీవనోపాధి వెతుక్కునే తోపుడుబండ్లు ఉంటాయి. అతడు రోడ్డు మీదికే దిగి, బస్సుకూ ఆటోకూ మధ్య ఉన్న జానెడు సందులోంచి నడుస్తాడు. తోపుడుబండిని తరిమివేయడం ఇందుకు పరిష్కారం కాదు. వీధి విక్రేతలకు స్థలం కేటాయించవలసిన బాధ్యతను 2014 నాటి చట్టం స్థానిక సంస్థపైనే ఉంచింది. 2019 ఆర్టీసీ సమ్మె తరువాత నగరంలో దాదాపు వెయ్యి సిటీ బస్సులు తగ్గిపోగా, 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం కల్పించిన మహాలక్ష్మి పథకంతో బస్సెక్కేవారు పెరిగారు. 2025 అక్టోబరులో సిటీ బస్సు ఛార్జీపై మొదటి మూడు స్టేజీలకు ఐదు రూపాయలు, ఆపైన పది రూపాయలు అదనంగా వడ్డించారు. రవాణా మీ శాఖ పరిధి కాదన్న సమాధానం ఇక్కడ సరిపోదు. బస్సు ఆగే చోటు, నిలబడే నీడ, నడిచే బాట మీ పరిధిలోనివే.

ఆసుపత్రి విషయంలోనూ ఇదే తీరు. కొత్తపేట పండ్ల మార్కెట్‌ను 2021లో బాటసింగారానికి తరలించి, ఖాళీ అయిన గడ్డిఅన్నారం స్థలంలో వెయ్యి పడకల ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన చేశారు. ఆ తరువాత గడువులు మారుతూ వచ్చాయి; అత్యవసర చికిత్స కోసం ఎల్బీనగర్ పేదలు ఉస్మానియాకో గాంధీకో పరుగెత్తడం మాత్రం మారలేదు. భవనం పూర్తయిన రోజున అందులో వైద్యులు, నర్సులు, మందులు ఉండేలా ఏటా ఎంత నిధి కావాలో, అది ఎక్కడి నుంచి వస్తుందో ప్రభుత్వం ఇప్పుడే ప్రకటించవలసి ఉన్నది. లేనిపక్షంలో అది కూడా ఒక కట్టడంగా మిగిలిపోతుంది.

మూసీ ఒడ్డున 2024 సెప్టెంబరులో జరిగినది ఈ ప్రాధాన్యాల క్రమాన్ని ప్రజలు ఎందుకు నమ్మలేకపోతున్నారో వివరిస్తుంది. చైతన్యపురి, కొత్తపేట పరిధిలోని కాలనీలలో అధికారులు ఇళ్ల గోడలపై, అవి నదీగర్భంలో ఉన్నాయని సూచిస్తూ, ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని గుర్తులు వేశారు. రిజిస్టరు పత్రాలు, పాలక సంస్థ అనుమతులు, బ్యాంకు రుణాలు, ఏళ్ల తరబడి కట్టిన ఆస్తిపన్ను రసీదులు చేతపట్టుకుని జనం వీధిన పడ్డారు. నది బాగుపడాలన్నదానిలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. నదీతీరంలో దోమలతో, దుర్వాసనతో కాపురం చేస్తున్నవారికే ఆ కోరిక అందరికంటే ఎక్కువ. నది శుద్ధి కావాలంటే మొదట దానిలో కలిసే మురుగు ఆగాలి. 2021లో 3,866 కోట్ల రూపాయలతో 31 మురుగునీటి శుద్ధి కేంద్రాలను మంజూరు చేసింది ఆ లెక్కతోనే కదా? ఇంటింటి మురుగు ఆ కేంద్రాలకు చేరే గొట్టపు మార్గాలు, అవి నిరంతరం పనిచేయడానికి కావలసిన విద్యుత్తు, సిబ్బంది అన్నిటికీ హామీ లభించకముందే, తీరం సుందరీకరణ పేరిట ఇంటి గోడపై ఎర్ర గుర్తు ఎందుకు ముందు వచ్చింది?

డబ్బు లేదన్న జవాబు రావచ్చు. 2025–26 సంవత్సరానికి మహానగర పాలక సంస్థ ఆమోదించుకున్న బడ్జెట్ 8,440 కోట్ల రూపాయలు. మెట్రో తొలిదశను ప్రైవేటు సంస్థ నుంచి స్వీకరించే క్రమంలో సుమారు 13,000 కోట్ల రూపాయల అప్పును భరించడానికి 2025 సెప్టెంబరులో ప్రభుత్వం సంసిద్ధత తెలిపింది. అవసరమని తలచినప్పుడు ప్రభుత్వం నిధులకు దారి వెతుకుతుందని ఇది రుజువు చేస్తున్నది. కాబట్టి నాలాకు, కాలిబాటకు, కార్మికుని రక్షణకు దారి దొరకనప్పుడు, వాటిని అవసరమని తలచలేదనే ప్రజలు అర్థం చేసుకుంటారు.

ఇందుకు చేయవలసిన పనులు అసాధ్యమైనవి కావు. ప్రతి వార్డుకు ఏటా కేటాయించిన మొత్తం, ఖర్చైన మొత్తం, ఆ ఖర్చుతో జరిగిన పని తెలుగులో, ఉర్దూలో రాయించి వార్డు కార్యాలయం గోడపై ప్రదర్శించాలి. ఏ కొత్త కట్టడాన్ని మంజూరు చేసినా దాని పదేళ్ల నిర్వహణ వ్యయాన్ని అదే ఉత్తర్వులో చూపాలి; ఉన్న నాలాల, కాలువల నిర్వహణకు కావలసిన నిధిని ముందుగా పక్కన పెట్టిన తరువాతే కొత్త వాటికి కేటాయింపులు జరపాలి. ఒక వీధిలోని నీటికి, అది మురుగైనా వర్షమైనా, ఒకే అధికారి బాధ్యుడు కావాలి. అతని పేరు, ఫోను నంబరు, ఫిర్యాదు తీరవలసిన గడువు ప్రజలకు తెలియాలి. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు లేదా అంతకు మించిన జనాభా గల పట్టణాలలో వార్డు కమిటీలు ఉండాలని చెప్పింది. ఆ కమిటీలకు సంతకం పెట్టే అధికారం దక్కాలి. విలీనానికి అర్థం కూడా ఇక్కడే ఉన్నది. మీర్‌పేట, జిల్లెలగూడ వైపు చెరువుల నీరు సరూర్‌నగర్ మీదుగా మూసీకి చేరవలసి ఉన్నందున, ఎగువ పట్టణాన్ని, దిగువ కాలనీని ఒకే ప్రణాళికలోకి తేగలిగితే విలీనం ప్రజలకు ఉపకరిస్తుంది. హద్దులు నీటి దారిని అనుసరించి గీస్తారా, లేక కేవలం పటం మీద రంగులు మారుస్తారా?

ఎల్బీనగర్ కూడలికి ఒక చరిత్ర ఉన్నది. 2009 నవంబరు 29న శ్రీకాంతాచారి అనే యువకుడు తెలంగాణ కోసం తన ఒంటికి నిప్పు పెట్టుకున్నది ఆ కూడలిలోనే. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న మూడు మాటలపై ఆ ఉద్యమం నడిచింది. ఈనాడు ఆ కూడలి పైనుంచి ఫ్లైఓవర్లు సాగుతున్నాయి; వాటి కిందుగా వెళ్లే పౌరుడు తన కాలనీలోకి ఏ నీళ్లు వస్తున్నాయో, తన వార్డుకు ఏ నిధులు చేరుతున్నాయో, సాహెబ్‌నగర్ కార్మికులవంటి వారికి శాశ్వత నియామకం ఎప్పుడు దక్కుతుందో అడుగుతున్నాడు. ఆ మూడు మాటలకు సమాధానం చెప్పవలసిన బాధ్యత సొంత రాష్ట్రంలో మరొకరిపై నెట్టడానికి వీలులేనిది, అది మీదే. వచ్చే వానాకాలానికి ముందుగా, సరూర్‌నగర్ చెరువు అలుగు నుంచి మూసీ వరకు నీటిదారి వెంట మీ శాఖ అధికారులు ఒకసారి కాలినడకన వెళ్లి, చూసినదాన్ని, చేయబోయేదాన్ని, దానికి పెట్టబోయే ప్రతి రూపాయిని ప్రజల ముందుంచాలని ఈ ప్రాంతం కోరుతున్నది.

ఇట్లు,
దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంత పౌరుల పక్షాన